రెండు నెలల సిపాయి

దేశభక్తిని గూర్చిన వ్యాసం లేని కళాశాల వార్షిక సంచిక ఉండదు. ఆ వ్యాసాలలో సైనికుడు ఎప్పుడూ హిమాలయ శిఖరం మీద మంచులో నిలబడి ఉంటాడు. అతనికి ఇల్లు ఉండదు, అప్పు ఉండదు, బియ్యం కొట్టులో బాకీ అంతకంటె ఉండదు. నేను వ్రాయదలచినది మరొక సైనికుని గూర్చి. ఏడాదిలో పది నెలలు కచేరీలోనో, బ్యాంకులోనో, పాఠశాలలోనో, మన ఊరి మరమగ్గాల షెడ్డులోనో పనిచేసి, తక్కిన రెండు నెలలు తుపాకి పట్టే పౌరసైనికుడు ఇతడు. ఇతని సేనను టెరిటోరియల్ ఆర్మీ అంటారు. తెలుగులో ప్రాదేశిక సైన్యం. మన విద్యార్థులలో ఏటా కొందరు దీనిని గూర్చి అడుగుతున్నారు గనుక, చేరుట మంచిదా కాదా అన్న ప్రశ్నకంటె ముందు తేలవలసిన ప్రశ్న ఒకటి ఉన్నదని చెప్పుట నా ఉద్దేశం. ఆ రెండు నెలలు అతని ఉద్యోగాన్ని ఎవరు కాపాడుతారు?

ముందుగా ఈ సైన్యపు పుట్టుపూర్వోత్తరాలు కొద్దిగా. తెల్లవారి పాలనలో, 1920లో, ఇటువంటి స్వచ్ఛంద దళాలు రెండు విధాలుగా ఏర్పడినవి. ఐరోపా వారికిని, ఆంగ్లో ఇండియన్లకును ఆక్జిలరీ ఫోర్సు. భారతీయులకు ఇండియన్ టెరిటోరియల్ ఫోర్సు. స్వాతంత్ర్యం వచ్చిన పిమ్మట ఆ పంక్తి భేదం పోయి, 1948లో ప్రాదేశిక సైన్య చట్టం వచ్చినది. 1949 అక్టోబరు 9వ తేదీన గవర్నర్ జనరల్ రాజాజీ ఈ సైన్యాన్ని లాంఛనంగా ప్రారంభించినారు. అప్పటికి మన చిత్తూరు జిల్లా మద్రాసు ప్రభుత్వం క్రిందనే ఉన్నది. మన తాతల తరానికి రాజాజీ పరాయి పెద్ద కాడు. 1962, 1965, 1971 యుద్ధాలలో ఈ దళాలు పనిచేసినవి. 1982లో డెహ్రాడూన్ కొండలలో చెట్లు నాటుటకే ఒక పటాలం ఏర్పడినది. ఇది అలంకారప్రాయమైన సైన్యమని ఎవరైనా అనుకుంటే, 2025 మే నెల ఉత్తర్వును గుర్తుచేయవలసి ఉంటుంది. అవసరమైతే ప్రాదేశిక సైన్యంలో ఎవరినైనా పిలిపించుటకు సైన్యాధిపతికి కేంద్ర ప్రభుత్వం ఆనాడు అధికారమిచ్చినది. అప్పటికి ఉన్న ముప్పది రెండు పదాతి పటాలాలలో పదునాలుగింటిని రంగంలోకి దించుటకు అనుమతి లభించినది. ఉదయం బల్ల ముందు కూర్చున్న గుమాస్తా, సాయంత్రం సామాను కట్టుకోవలసిన రోజు వట్టి ఊహ కాదు.

ఎన్.సి.సి.తో దీనిని కలిపి చూడరాదు. రెండింటికీ చట్టాలు 1948లోనే వచ్చినవి. పోలిక అంతటితో సరి. ఎన్.సి.సి. కేడెట్‌కు యుద్ధసేవ చేయవలసిన బాధ్యత లేదు. చైనా దాడి తరువాత 1963లో కళాశాలల్లో అది నిర్బంధమైనప్పుడు గాని, 1968లో తిరిగి ఐచ్ఛికమైనప్పుడు గాని ఆ సూత్రం మారలేదు. ప్రాదేశిక సైనికుడు పిలుపు వస్తే వెళ్లి తీరవలసినదే.

చేరువారికి వయస్సు పదునెనిమిది నుండి నలుబది రెండు. అధికారిగా చేరుటకు పట్టం ఉండవలెను. అంతకంటె ముఖ్యంగా, ఏదో ఒక సంపాదన ఉండవలెను. నిరుద్యోగికి ఇది ఉద్యోగం కాదని ఆ సైన్యమే స్పష్టంగా చెబుతుంది. అధికారులకు మొదటి ఆరు నెలల్లో నెల రోజుల ప్రాథమిక శిక్షణ, మొదటి రెండేళ్లలో మూడు నెలల శిక్షణ, ఆపైన ఏటా రెండు నెలల శిబిరం. స్త్రీలకు అర్హత ఉన్నదని 2018లో ఢిల్లీ హైకోర్టు తీర్పు చెప్పినది గనుక, విద్యార్థినులు ఈ పుటను త్రిప్పివేయనక్కరలేదు.

ఇక అసలు విషయం. రెండు పడవల మీద కాళ్లు పెట్టినవాడు ఏ ఒడ్డూ చేరడని పెద్దలు అంటారు. సామెతలకు ఎదురుచెప్పుట నాకు అలవాటు లేదు గాని, ఈ సామెతకు మన రాయలసీమ చరిత్రే ఎదురుచెబుతున్నది. పాలెగాండ్ర కాలంలో కట్టుబడి బంట్రోతులని ఉండేవారు. వారికి ఇనాముగా భూమి ఉండేది. శాంతికాలంలో దున్నుకునేవారు, దొర పిలిచిన నాడు కత్తి తీసుకొని వెళ్లేవారు. సేద్యం ఒక పడవ, సిపాయితనం ఒక పడవ; రెండింటినీ కలిపి కట్టిన త్రాడు ఆ ఇనాము భూమి. పోరాటానికి వెళ్లినవాడు తిరిగివస్తే అతని పొలం అతనిదే. కుంపిణీ ప్రభుత్వం వచ్చి పాలెగాండ్రను అణచిన పిమ్మట ఆ సేవతో పాటు ఇనాములు కూడ చేజారిపోసాగినవి. 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరుగుబాటు చేసినప్పుడు అతని వెంట నడిచినవారిలో ఈ కట్టుబడి వారే ఎక్కువగా ఉన్నారు. వారు శౌర్యం కొరతపడి వీధిన పడినవారు కారు, ఆధారం తెగి వీధిన పడినవారు. అర్ధకాలపు సైనికుని ధైర్యం అతని ఇంటి దగ్గర ఉన్న ఆధారం మీద నిలబడుతుందని దీనిని బట్టి నేను గ్రహించినాను.

ఈ సంగతి మన శాసనకర్తలకు తెలియనిది కాదు. 1948 చట్టానికి 1952లో చేసిన సవరణతో 7ఏ అనే సెక్షను చేరినది. సైనిక సేవకు పిలువబడిన వ్యక్తిని, ఆ సేవ ముగిసిన తరువాత అతని యజమాని తిరిగి పనిలో చేర్చుకొనవలెను. పని మధ్యలో ఆగకుండా ఉంటే అతనికి ఏ హోదా, ఏ షరతులు ఉండేవో, వానికి తగ్గని రీతిలో చేర్చుకొనవలెను. చేర్చుకొనుట సాధ్యం కాదని యజమాని అంటే నిర్ణీతాధికారి విచారించవలెను. అధికారి ఉత్తర్వును ధిక్కరిస్తే వేయి రూపాయల వరకు జరిమానా, ఆపైన ఆరు నెలల జీతం చెల్లింపు. ప్రావిడెంటు ఫండు వంటి హక్కులు కూడ చెడకుండా మరొక సెక్షను ఉన్నది. అక్షరాలా చూస్తే మంచి చట్టం. వేయి రూపాయల జరిమానా మాత్రం ఆనాటి రూపాయి విలువకు సరిపోయినదేమో. ఈనాడు అది ఎవరినీ భయపెట్టదు.

కాని ఈ చట్టాన్ని పట్టుకొని నగరి వీధుల్లో నడిచి చూడండి. ఏకాంబరకుప్పం వైపున ఏ సందులో నిలబడినా మగ్గాల చప్పుడు వినబడుతుంది. ఆ షెడ్డులో పనిచేసే యువకుడు పదవ తరగతి చదివినవాడే. సిపాయిగా చేరుటకు ఆ చదువు చాలు. దేహదారుఢ్యం ఉన్నది, సంపాదన ఉన్నది. అతడు చేరినాడని అనుకుందాము. శిబిరంలో ఉన్నన్నాళ్లు సైన్యం జీతమిస్తుంది, అన్నం పెడుతుంది. ఇబ్బంది అక్కడ లేదు. అతడు తిరిగి వచ్చిన నాడు ఆ మగ్గం ఎవరి చేతిలో ఉంటుంది? అతనికి నియామకపు ఉత్తర్వు లేదు, హాజరు పట్టీ లేదు. నేసిన బట్టకు కూలి, నేయని నాటికి సున్న. ‘ఉద్యోగంలో తిరిగి చేర్చుకొనుము’ అని చట్టం ఆజ్ఞాపిస్తే, ‘ఇతడు నా ఉద్యోగి అని ఎవరన్నారు?’ అని యజమాని అడుగగలడు. ఆ ప్రశ్నకు జవాబుగా చూపించుటకు ఆ యువకుని వద్ద ఒక్క కాగితం ఉండదు. యజమాని వద్ద అడ్వాన్సు తీసుకొని ఉంటే, దాని లెక్క వ్రాసిన పుస్తకం మాత్రం ఉంటుంది!

యజమానిని దుర్మార్గుని చేయుట నా అభిమతం కాదు. నాలుగు మగ్గాలు పెట్టుకొని భార్యాబిడ్డలతో సహా కష్టపడేవాడు కూడ మన ఊళ్లో యజమానే. పడుగు బీము మీద ఎక్కిన తరువాత, సరుకు అడిగిన వర్తకుడు రెండు నెలలు ఆగడు. కరెంటు బిల్లు ఆగదు. రెండు నెలలకు మనిషిని తెచ్చుకుంటే, ఆ వచ్చినవానిని మూడవ నెలలో ఏ ముఖం పెట్టుకొని పొమ్మంటాడు? దేశరక్షణ అనే ఖర్చును ఆ నాలుగు మగ్గాల ఆసామి నెత్తిన పెట్టి, ప్రభుత్వం చేతులు దులుపుకొనుట న్యాయం కాదు. పెద్ద కార్యాలయానికి ఒక మనిషి లేకపోవుట చీమ కుట్టినట్లు. చిన్న షెడ్డుకు అది పాతిక వంతుల నష్టం.

ఇతర దేశాలు ఈ చిక్కును ఎట్లు విప్పినవో చూడవచ్చును. స్విట్జర్లాండులో 1940 నుండి, అనగా యుద్ధం ఇంటి గుమ్మం దాకా వచ్చిన కాలం నుండి, శిక్షణకు వెళ్లినవారి సంపాదన నష్టాన్ని పూరించుటకు ఒక నిధి ఉన్నది. జీతగాండ్రకే గాక స్వంత పని చేసుకునేవారికి కూడ అది వర్తిస్తుంది. సింగపూరులో స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఉన్నవి. అక్కడి పౌరులైన వారి కుమారులు రెండేళ్ల సైనిక సేవ ముగిసిన తరువాత కూడ ఏడాదికి నలుబది రోజుల వరకు శిక్షణకు పిలువబడవచ్చును. ఆ రోజుల్లో పోయిన జీతాన్ని ప్రభుత్వం భర్తీ చేస్తుంది; చిన్న వ్యాపారి తన ఆదాయాన్ని రుజువు చేసి పొందవచ్చును. బ్రిటనులో 2005 నిబంధనల ప్రకారం, పిలువబడిన సైనికుని స్థానంలో మరొకరిని పెట్టుకున్న యజమానికి ఆ అదనపు ఖర్చు ఇస్తారు. మన చట్టం యజమానికి జరిమానా చూపించినది గాని, సాయం చూపించలేదు. లోపం అక్కడ ఉన్నదని నా అభిప్రాయం.

ఇద్దరు యజమానుల క్రింద పనిచేయుటలో డబ్బుకు సంబంధించని చిక్కు కూడ ఒకటి ఉన్నది. రైల్వేల వంటి శాఖలలో ఉద్యోగులతోనే ప్రాదేశిక దళాలు ఏర్పడినవి. 1974 మే 8 నుండి 27 వరకు దేశమంతటా రైల్వే సమ్మె జరిగినప్పుడు ఆ దళాలను పిలిపించి బండ్లు నడిపించినారు. మన ఊరు అరక్కోణం–రేణిగుంట మార్గం మీద ఉన్నది గనుక, ఆ సమ్మె ఇక్కడివారికి పత్రికల్లో మాత్రమే చదివిన వార్త కాదు. అటువంటి ఉద్యోగి సంగతి ఆలోచించండి. నిన్నటి వరకు అతడు సంఘంలో సభ్యుడు. ఈనాడు యూనిఫారం వేసుకొని, తోటివారు దిగిపోయిన ఇంజను మీద ఎక్కవలసినవాడు. ఎక్కకపోతే సైనిక శాసనం; ఎక్కితే జీవితాంతం క్వార్టర్లలో పలుకరించేవాడుండడు. అతడు చేసినది తప్పో ఒప్పో నేను తీర్పు చెప్పను. సంతకం చేసే నాడు అతనికి ఈ సంగతి ఎవరైనా చెప్పినారా అని మాత్రం అడుగుతాను. చేరదలచిన విద్యార్థి దరఖాస్తు పత్రంతో పాటు చట్టాన్ని కూడ చదువవలెను.

క్రికెటు ఆటగాడు ధోనీకి 2011లో ఈ సైన్యంలో గౌరవ లెఫ్టినెంట్ కల్నల్ హోదా ఇచ్చినారు. 2019లో అతడు కాశ్మీరుకు వెళ్లి కొన్నాళ్లు దళంతో ఉన్నాడు. మెచ్చదగినదే. మన యువకులలో చాలామందికి ఈ సైన్యం పేరు తెలిసినది కూడ ఆ ఛాయాచిత్రాల వలననే. అయితే అతని కొలువు ఎవరు కాస్తారన్న ప్రశ్న అక్కడ పుట్టలేదు.

విద్యార్థులకు నా సలహా కొంచెం చప్పగా ఉంటుంది. ఉద్యోగం వచ్చిన మొదటి ఏడాదిలోనే తొందరపడవద్దు, ప్రొబేషను ముగియనివ్వండి. ప్రభుత్వోద్యోగి అయితే శాఖ నుండి నిరాక్షేప పత్రం ఎట్లాగూ తేవలసి ఉంటుంది. ప్రైవేటు కొలువు అయితే యజమానితో ముందే మాట్లాడి, ఆ మాటను కాగితం మీద పెట్టించుకోండి. ఇంట్లో తల్లిదండ్రులతో, పెండ్లి అయినవారు భార్యతో, లెక్క వేసి మాట్లాడండి. ఏడాదికి రెండు నెలలనగా ఆరవ వంతు. ఆ ఆరవ వంతు కాలం పిల్లల బడి, ముసలివారి మందులు, వానకు కారే కప్పు ఇంకొకరి తలమీద పడుతవి.

ఇక కళాశాల కార్యవర్గం వారికి ఒక మనవి. ప్రభుత్వం నిధి పెట్టవలెనని మనం ఎన్ని తీర్మానాలు చేసినా అది ఢిల్లీ దాకా పోయి రావలసిన సంగతి. కాని కార్యవర్గం కూడ ఒక యజమానియే. ఈ కళాశాల అధ్యాపకులలో, ప్రయోగశాల సహాయకులలో, కార్యాలయ సిబ్బందిలో ఎవరైనా ప్రాదేశిక సైన్యంలో చేరితే వారి స్థానం ఏమవుతుందో మన సేవానియమాలు ఇప్పుడే చెప్పవలెను. శిక్షణ కాలం సర్వీసులో భాగంగా లెక్కింపబడునని, ఆ వ్యవధికి వచ్చే తాత్కాలిక ఉద్యోగికి గడువు మొదటి రోజుననే వ్రాతపూర్వకంగా తెలుపబడునని, తిరిగివచ్చినవారికి అదే తరగతులు, అదే సీనియారిటీ ఉండునని అందులో ఉండవలెను. ఎన్.సి.సి. శిబిరాలకు వెళ్లే విద్యార్థుల హాజరు విషయంలోను ఇటువంటి స్పష్టత అవసరమే. ఏటా మార్చిలో ప్రిన్సిపాలు గారి గది ముందు నిలబడి బ్రతిమాలుకొనే స్థితి వారికి రాకూడదు. చట్టంలోని సెక్షనును ఎత్తి వ్రాసుకుంటే పని సగం అయినట్లే. దీనికి ప్రభుత్వ ఉత్తర్వు అక్కరలేదు, ఖర్చు కూడ పెద్దగా లేదు. రాబోయే సర్వసభ్య సమావేశపు కార్యక్రమ పట్టికలో ఒక అంశంగా చేర్చితే చాలును.