ఆ గురకను నవ్వి వదిలేయకండి



గత నెల ఏడో తరగతి పిల్లల్ని 'మా నాన్న' మీద ఇంగ్లిష్‌లో పది వాక్యాలు రాయమన్నాను. చాలామంది నాన్న గురక గురించే రాశారు. మిక్సీ అన్నారు, బుల్డోజర్ అన్నారు. క్లాసంతా నవ్వింది, నేనూ నవ్వాను. ఒక పాప మాత్రం, ఆ గురక మధ్యలో ఆగిపోతుందనీ, మళ్లీ వినిపించేదాకా తను అంకెలు లెక్కపెడుతుందనీ రాసింది. ఒకసారి ఇరవై దాకా వెళ్లిందట.

నేను చెప్పేది ఇంగ్లిష్, బయాలజీ కాదు. అయినా ఆ పేజీ దిద్దాక కొంత చదివాను. నిద్రలో గొంతు కండరాలు వదులై గాలిదారి మూసుకుపోతే ఊపిరి ఆగుతుంది. దీన్నే స్లీప్ ఆప్నియా అంటారు. తీవ్రంగా ఉన్నవాళ్లకు గంటకు 30 సార్లు, ఆపైన ఇలా జరుగుతుంది. రక్తంలో ఆక్సిజన్ పడిపోతుంది, మెదడు ఉలిక్కిపడి లేపుతుంది, బీపీ ఎగురుతుంది. తెల్లారాక ఆ మనిషికి ఇవేవీ గుర్తుండవు.

రాత్రంతా ఆక్సిజన్ ఇలా పడుతూ లేస్తూ ఉంటే ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ పెరుగుతుంది. దెబ్బ తగిలినచోట ఎర్రగా వాచడం మనకు కనిపిస్తుంది. రక్తనాళాల లోపలి పొరలో జరిగేది కనిపించదు, నొప్పీ ఉండదు. గుండె నాళాల్లో కొవ్వు పూడిక పెరగడంలో, చివరికి అది పగలడంలో ఈ ఇన్‌ఫ్లమేషన్‌కు పెద్ద పాత్ర ఉంది. పగిలినచోట రక్తం గడ్డకట్టి దారి మూసుకుపోతే హార్ట్ ఎటాక్. "కొలెస్ట్రాల్ నార్మలే మేడమ్" అని నిశ్చింతగా ఉండేవారి కోసమే ఇంత చెప్పాను.

గురకపెట్టే అందరికీ ఇది ఉండదు. కానీ ఊపిరి ఆగుతోందని ఇంట్లోవాళ్లు చెబితే, బండి నడుపుతూ కునుకు వస్తుంటే, మందులు వాడినా బీపీ దిగకపోతే, ఈఎన్‌టీ డాక్టర్‌కో పల్మనాలజిస్టుకో చూపించుకోండి. స్లీప్ స్టడీ అనే రాత్రి పరీక్ష ఉంది. బరువు తగ్గమంటారు, మద్యం మానమంటారు, కొందరికి సీపాప్ మెషిన్ ఇస్తారు. దాంతో గుండెపోటు రాదనే హామీ లేదు, పగటి మగత మాత్రం తగ్గుతుంది, బీపీ కొంత దిగుతుంది. అమ్మలూ, ఇది నాన్నలకే అనుకోకండి, మెనోపాజ్ తర్వాత మనకూ ఎక్కువే.

ఆ పాప నాన్నగారు మొన్న పేరెంట్స్ మీటింగ్‌కి వచ్చి మార్కులు అడిగారు. నేను నోట్‌బుక్‌లో ఆ పేజీ తెరిచి ఇచ్చాను. రెండుసార్లు చదివారు.

"అయితే ఇది రాత్రుళ్లు మేలుకుని ఉంటోందా మేడమ్?" అన్నారు.