ఎర్రబస్సుకు రెగే దరువు

బాబ్ మార్లే ఫొటో ఉన్న టీషర్టు మన దోస్తుల్లో ఎవరో ఒకరి దగ్గర ఉంటది. ఆయన పాడిన రెగే 1960ల చివర్లో జమైకాలో పుట్టింది. అందులో గిటార్ దెబ్బ తాళం మీద కాకుండా, తాళానికీ తాళానికీ నడుమ పడుతుంది. 1977లో లండన్ బ్యాండ్ 'ది క్లాష్' తన తొలి ఆల్బమ్‌లోనే ఒక జమైకా పాటను తనదైన పద్ధతిలో పాడింది. మన హైదరాబాద్ బ్యాండ్ 'చౌరస్తా' ఆ రెగేకు తెలుగు జానపదం కలిపింది.

వాళ్ల 'ఊరెళ్ళిపోతా మామ' వినే ఉంటారు. పట్నంలో ఇమడలేక సొంతూరికి మళ్లాలనుకునే మనిషి గోడు అది. చిట్యాల నుంచి హైవే ఎక్కి హైదరాబాద్‌లో కొలువు చేసే మాలాంటోళ్లకు ఆ గోడు వేరే చెప్పాల్సిన పని లేదు. అంత బాధ ఉన్నా పాట ఏడవదు, ఊగుకుంటూ పోతది. అది రెగే మహిమ.

ఆ గొంతు రామ్ మిరియాలది. 2021లో 'జాతిరత్నాలు' చిట్టి పాట, 2022లో 'డీజే టిల్లు' టైటిల్ పాటతో ఇంటింటికీ చేరాడు. సంతోషమే. కానీ తెలుగులో ఏ గొంతుకైనా పేరు రావాలంటే సినిమా గేటు దాటాల్సిందేనా? 'ఊరెళ్ళిపోతా మామ' హీరో లేకుండానే నిలబడింది కదా!

ఈ వారం ఒక్క తెలుగు బ్యాండ్ పాట వినండి. నచ్చితే దోస్తుకు పంపండి. సినిమా పాటకు పోస్టర్లుంటయి, బ్యాండ్ పాటకు మీ షేరే దిక్కు.