ఇంటి సంగతులు: ఎత్తు మిద్దె గదికి ఏ ఫ్యాను?

ఎండలు ముదురుతున్నాయంటే చాలు, మన సంఘం సభ్యులలో ఇద్దరు ముగ్గురైనా నన్ను అడిగే ప్రశ్న ఒకటున్నది. "మాది తాతలనాటి మిద్దె ఇల్లు. పైకప్పు పద్నాలుగడుగుల ఎత్తు. ఎంత ఖరీదు పెట్టి ఫ్యాను తెచ్చినా గాలి తగలదు. ఏ ఫ్యాను కొనమంటారు?" నేను ఇంజనీరును కాను, ఆఫీసులో ఫైళ్ళు చూసుకునే గుమాస్తాను. అయితే లెక్క వేయటం నా వృత్తి. మన బరంపురం పాత మిద్దెలు ఎరిగినవాణ్ణి. ఆ రెండూ చేర్చి ఈ నెల ఈ సంగతి వ్రాస్తున్నాను.

ముందు జవాబు, తరువాత కారణం. ఎత్తు గదికి ముందుగా నిర్ణయించవలసినది రాడ్డు పొడవు. ఫ్యాను సంగతి ఆ తరువాత.

మన పెద్దలు అంత ఎత్తున మిద్దె ఎందుకు కట్టారు? 1936లో ఒరిస్సా వేరు రాష్ట్రమయ్యేదాకా మన ఊరు మద్రాసు రాజధానిలోనిది. టేకు దూలాలు పరచి, వాటిపైన ఇటుకా సున్నమూ వేసే మద్రాసు మిద్దె పద్ధతి ఇక్కడా ఉన్నది. వేడిగాలి తేలిక గనుక పైకి పోతుంది. పైన గోడలో వెంటిలేటరు ఉంటే దానిగుండా బయటికి పోతుంది. మనుషులు మసలే కింది భాగం కొంత చల్లగా మిగులుతుంది. ఇది ఫ్యాను లేని రోజుల తెలివి. ఇప్పుడు మనం ఆ పై భాగంలో, దూలానికి ఆనించినట్లు ఫ్యాను బిగిస్తే ఏమవుతుంది? మధ్యాహ్నమంతా ఎండకు కాగిన మిద్దె కింది వేడిగాలినే అది చిలుకుతుంది. ఆ గాలి మంచం దాకా వచ్చేసరికి చెదిరిపోయి, బలం తగ్గిపోతుంది.

ఇంకొక మాట గుర్తుంచుకోవాలి. ఫ్యాను గదిని చల్లబరచదు, మన ఒంటిమీది చెమటను ఆర్చి మనల్ని చల్లబరుస్తుంది. విసనకర్ర అయినా, మన ఒడియా ఇరుగుపొరుగులు 'బించణా' అనేదైనా చేసే పని అదే. విసనకర్రను ఎవరైనా అటక మీద కూర్చుని విసురుతారా? ఒంటికి గాలి తగిలే దూరంలోనే విసురుతారు. ఫ్యానుకూ అదే న్యాయం.

ఇక కొలత. రెక్కలు నేలనుంచి ఎనిమిది, తొమ్మిది అడుగుల మధ్య ఉంటే గాలి బాగా తగులుతుంది. ఎనిమిదికి తగ్గనివ్వకండి. మంచం మీద నిలబడి దోమతెర కట్టేవారుంటారు. చంటిపిల్లను నెత్తికెత్తి ఆడించే మేనమామలుంటారు. అందుచేత పడకగదికి తొమ్మిది అడుగులే క్షేమం.

పద్నాలుగడుగుల గదికి లెక్క చూడండి. పద్నాలుగులో తొమ్మిది తీసివేస్తే అయిదు అడుగులు, అనగా 60 అంగుళాలు. ఇందులో పైన కొక్కెం దగ్గరా, కింద రాడ్డు చివరినుంచి రెక్కల దాకానూ కలిపి సుమారు 9 అంగుళాలు పోతుంది. మిగిలినది 51 అంగుళాలు. నాలుగడుగుల రాడ్డు, అంటే 48 అంగుళాలది వేయిస్తే రెక్కలు నేలకు 9 అడుగుల 3 అంగుళాల ఎత్తున ఉంటాయి. అదే, ఫ్యానుతోపాటు వచ్చే అడుగు రాడ్డుతో బిగిస్తే రెక్కలు 12 అడుగుల 3 అంగుళాల మీద తిరుగుతాయి. మూడడుగుల తేడా! కొలత మిద్దె నుంచి కాక, కొక్కెం ఉన్న దూలం అడుగు నుంచి తీసుకోవాలి. టేపు పట్టుకుని కొలిచి, చీటీ మీద వ్రాసుకున్న తరువాతనే దుకాణానికి వెళ్ళండి.

నేనెరిగిన ఒక ఇంట్లో ఎనభై దాటిన మామ్మగారున్నారు. కొడుకులు రెండేళ్ళలో రెండు ఫ్యాన్లు మార్చారు. రెండవది మరీ వేగం గలది. "చప్పుడు నాకు, గాలి దూలానికిరా నాయనా" అనేవారావిడ. చివరకు కింద మరొక కప్పు వేయించి ఏసీ పెట్టిద్దామనీ, లేకపోతే ఇల్లే పడగొట్టిద్దామనీ మాట వచ్చింది. మేస్త్రీ ఒకడు వచ్చి, ఉన్న ఫ్యానునే నాలుగడుగుల రాడ్డుకు దించి పోయాడు. ఆ రాత్రి ఆవిడ నిద్రపోయింది. ఇల్లు కూడా నిలిచింది.

అయితే రాడ్డు పొడవయ్యేకొద్దీ జాగ్రత్త కూడా పెరగాలి. ఫ్యాను నాలుగయిదు కిలోల బరువు. తిరిగేటప్పుడు ఊగుతుంది, అదురుతుంది. మొదట కొక్కెం చూడాలి. పాత టేకు దూలమైనా సరే, చెద పట్టిందేమో, చెమ్మకు మెత్తబడిందేమో వడ్రంగిచేత గుచ్చి చూపించండి. కొక్కెం తుప్పు పట్టి సన్నబడితే మార్చవలసిందే. రాడ్డు ఒకే ముక్కగా, ఫ్యానుకు తగినదిగా దుకాణంలో అడగండి. రెండు ముక్కలు అతికించినదీ, నీళ్ళ గొట్టం కోయించినదీ పనికిరావు. రెండు చివరలా బోల్టుకు నట్టూ, స్ప్లిట్ పిన్నూ ఉన్నాయో లేదో మీ కళ్ళతో చూసుకోండి. పైన కొక్కేనికీ ఫ్యానుకూ కలిపి ఒక ఉక్కు తాడు వేయిస్తే, బోల్టు ఊడినా ఫ్యాను మంచం మీద పడదు. రాడ్డులోపల వెళ్ళే తీగ అతుకు లేకుండా ఉండాలి, ఎర్తు కలపాలి. గుడ్డ చుట్టిన పాతకాలపు తీగలే ఇంకా ఉన్న ఇళ్ళలో ముందు ఆ తీగలు మార్చండి. మూడు రెక్కలూ ఒకే జతవి కావాలి. పాతవాటిలో ఒకటి, కొత్తవాటిలో రెండు కలిపితే పొడుగు రాడ్డు మీద ఊపు ఎక్కువవుతుంది.

ఇప్పుడు ఫ్యాను సంగతి. పన్నెండడుగుల చదరపు గదికి 48 అంగుళాల రెక్కలు, అంటే 1200 మిల్లీమీటర్లది, సరిపోతుంది. అంతకు పెద్దదైతే 56 అంగుళాలది చూడవచ్చు. మన వీధిగదులవలె సన్నగా, పొడుగ్గా ఇరవై నాలుగడుగులుంటే ఒక పెద్ద ఫ్యాను కన్నా రెండు మామూలు ఫ్యాన్లు మేలు, ఎందుకంటే గాలి రెక్కల కిందా, వాటి చుట్టుపక్కలానే బాగా తగులుతుంది.

దుకాణదారు వేగం చెబుతాడు. మీరు డబ్బా మీద గాలి ఎంత, వాట్లు ఎన్ని అని చూడండి. గాలిని నిమిషానికి ఇన్ని ఘనపు మీటర్లని వేస్తారు. దాన్ని వాట్లతో భాగించగా వచ్చే అంకె ఎంత పెద్దదైతే అంత పొదుపు. 2023 జనవరి నుంచి సీలింగు ఫ్యాన్లకు నక్షత్రాల చీటీ తప్పనిసరి అయింది. ఆ నక్షత్రాలు ఈ లెక్కనుబట్టే ఇస్తారు.

పాతరకం ఫ్యాను సుమారు 75 వాట్లు తీసుకుంటుంది. బీ.ఎల్.డీ.సీ. అనే కొత్తరకం 30 వాట్లకు అటూ ఇటూ. రోజుకు పన్నెండు గంటలు తిరిగితే నెలకు మొదటిది 27 యూనిట్లు, రెండవది 11 యూనిట్లు. ఆదా 16 యూనిట్లు. ఏడాదిలో ఎనిమిది నెలలు వాడితే 128 యూనిట్లు. యూనిటు అయిదు రూపాయలనుకుంటే 640 రూపాయలు. కొత్తరకానికి పదిహేను వందలు ఎక్కువ పెట్టినా రెండున్నర ఏళ్ళలో తిరిగి వస్తుంది. సాయంత్రాలు వోల్టేజి తగ్గినప్పుడు పాతరకం నీరసించిపోతుంది, కొత్తరకం చాలావరకు తన వేగం నిలుపుకుంటుంది. దీనికి గోడమీది పాత రెగ్యులేటరు పనికిరాదు, తీయించివేయాలి.

తుపాను ప్రాంతంవారికి ఇంకొక లాభం. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ గోపాలపురం దగ్గర తీరం దాటిన తరువాత కరెంటు లేని రోజులు మన ఇళ్ళలో ఎవరూ మరవలేదు. ఇన్వర్టరు బ్యాటరీ మీద ఒక పాత ఫ్యాను తిరిగే కరెంటుతో రెండు కొత్తవి తిరుగుతాయి. ముసలివారికీ పసివారికీ ఒక్కొక్కటి అన్నమాట.

చివరగా ఒక హెచ్చరిక. గదిలో వేడి 40 డిగ్రీలు దాటితే ఫ్యాను గాలి మేలు చేయదని, ఒంటికి వేడినే కొడుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. అటువంటి మధ్యాహ్నాలు పెద్దవారిని ఇంట్లో చల్లనిచోటికి మార్చి, తడిగుడ్డతో ఒళ్ళు తుడిచి, తరచు మంచినీళ్ళు ఇవ్వండి. వెంటిలేటర్లకు అట్టలు అడ్డంపెట్టిన ఇళ్ళవారు ఈ ఆదివారమే అవి తీసివేయండి. దానికి పైసా ఖర్చు లేదు.

వచ్చే నెల: పాత మిద్దె వానకు కారకుండా ఎండలుండగానే చేయించుకోవలసిన పనులు.