కోడి కడుపుకు తోడు సరే, లెక్క ఎవురిది?

మన ఇండ్ల కాడ నాటుకోడి యెంబడి తిరిగే పిల్లల్ని అందరూ చూసింటారు. తల్లి కెలికిన దిబ్బనే అవీ కెలుకుతాయి. తల్లి రెట్ట పడిన తావునే గింజలు ఏరుకుంటాయి. మనకది గలీజుగా కనపడతాది గానీ, పిల్ల కడుపుకు మేలు చేసే సూక్ష్మజీవులు శానావరకు అట్లనే చేరతాయి. ఫారం కోడిపిల్లకు ఆ భాగ్యం లేదు. మిషన్‌లో పుడతాది, ట్రేలో పెట్టి వ్యాన్‌లో తెచ్చి షెడ్డులో దించుతారు. తల్లి మొగమే చూడదు. షెడ్డులో ముందు ఏ క్రిమి దొరికితే అదే దాని కడుపులో కాపరం పెడతాది.

ప్రోబయోటిక్ కథ ఈడ్నే మొదలైతాది. 1973లో ఫిన్లాండ్‌కు చెందిన నుర్మి, రంతాల అనే ఇద్దరు శాస్త్రవేత్తలు పెద్ద కోళ్ల పేగుల్లోని సరుకును చిన్నపిల్లలకు పట్టించి చూసినారు. ఆ పిల్లల్లో సాల్మొనెల్లా అంత సులభంగా నిలదొక్కుకోలేకపోయింది. హిందూపురం బస్సులో కిటికీలోనుంచి తువాలేసి సీటు పట్టుకుంటాం చూడండి, ఇదీ అట్లాంటిదే. మంచి క్రిములు ముందే సీట్లు పట్టుకుంటే చెడ్డవాటికి తావుండదు. పాలకు తోడేసినట్టు, కోడి కడుపుకు మనం బయటనుంచి వేసే తోడే ప్రోబయోటిక్.

మరి ఇన్నేండ్లు లేని మాట ఇప్పుడెందుకు వస్తాంది? యాంటీబయోటిక్‌ల పుణ్యం. రోగం లేకపోయినా, కోడి బిరబిరా బరువు రావాలని మేతలో రొంత రొంత యాంటీబయోటిక్ కలిపే అలవాటు ప్రపంచమంతా దశాబ్దాలుగా నడిచింది. చావకుండా మిగిలిన క్రిములు మందుకు మొండికేసినాయి. 2014లో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ 70 కోడిమాంసం నమూనాలు పరీక్షిస్తే 40 శాతంలో యాంటీబయోటిక్ అవశేషాలు దొరికినాయి. మనుషులకు ఇంకే మందూ పనిచేయనప్పుడు ఆఖరుగా వాడేది కొలిస్టిన్. దానికి కూడా లొంగనియ్యకుండా చేసే జన్యువు చైనాలోని పందుల్లో, మాంసంలో, మనుషుల్లో ఉండాదని 2015లో బయటపడింది. మన కేంద్ర ప్రభుత్వం 2019 జులైలో కోళ్లకు, పశువులకు, చేపలకు కొలిస్టిన్ వాడకాన్ని నిషేధించింది. యూరప్ అయితే పెరుగుదల కోసం మేతలో యాంటీబయోటిక్ కలపడాన్ని 2006 జనవరి నుంచే పూర్తిగా ఆపేసింది.

ఇది కోళ్ల సంగతే కాదు. రేపు మన ఇంట్లో బాలింతకో, ముసలాయనకో జ్వరమొస్తే ఆస్పత్రిలో ఇచ్చే మందు పనిచేస్తాదా లేదా అనే సంగతి. కాబట్టి యాంటీబయోటిక్ తావులో ప్రోబయోటిక్ రావడం మంచిదే. దాన్ని నేను కాదనను. అయితే మంచిమాట చెప్పి పొట్లం అమ్మేసి పోతే సరిపోదు.

మొదటి సంగతి, ఇది మంత్రం కాదు. ఇందులో వాడేవి ఎక్కువగా లాక్టోబాసిల్లస్, బాసిల్లస్ జాతి క్రిములు. అవి బతికుంటేనే పని. సలసల కాగే పాలల్లో తోడేస్తే పెరుగు అయితాదా? బ్లీచింగ్ కలిపిన ట్యాంకు నీళ్లలో లాక్టోబాసిల్లస్ పొడి కలిపినా అంతే, పిల్ల నోటికి పోకముందే చస్తాది. పొద్దున ప్రోబయోటిక్, సాయంత్రం యాంటీబయోటిక్ ఇస్తే చానావరకు ఒక చేత్తో నాటి ఇంకో చేత్తో పీకినట్టే. బాసిల్లస్ రకాలు రొంత గట్టివి, గింజ మాదిరి పెంకు కట్టుకోని మేత తయారీలో వేడిని కూడా తట్టుకుంటాయి. ఏ పొట్లంలో ఏముందో తెలీకుండా వాడితే దుడ్లు నీళ్లలో పోసినట్టే. రాణికెట్ టీకాకు, ఆరిన పొట్టుకు, ఎండాకాలంలో గాలికి ఇది బదులు కాదు. పెనుకొండ, ధర్మవరం తట్టు ఏప్రిల్, మే నెలల ఎండకు కోడి పేగు దెబ్బతింటాది. అట్లాంటప్పుడు ప్రోబయోటిక్ రొంత ఆదుకుంటాది గానీ, రేకుల కింద ఉడికే షెడ్డును అది చల్లబరచదు.

రెండో సంగతి అసలుది. మన తట్టు కాంట్రాక్టు పెంపకంలో పిల్ల కంపెనీది, మేత కంపెనీది, మందు కంపెనీది. షెడ్డు, కరెంటు, నీళ్లు, చాకిరీ మనవి. బోర్లు ఎండి, శెనక్కాయ కలిసిరాక, అప్పు తెచ్చి షెడ్లు వేసుకున్న పిల్లోళ్లు ఎందరో. 40 రోజులు రేయీపగలు కాపలా కాసి, కిలోకు ఇంత అని కూలి తీసుకుంటాండారు. మేతలో ఏం కలిపినారో రైతుకు తెలీదు. మందుల ఖర్చు మాత్రం బ్యాచ్ లెక్కలో ఎక్కుతాది. ఉత్పత్తి ఖర్చు పెరిగితే కూలి తగ్గుతాది.

ఒక లెక్క వేసి చూద్దాం. 5,000 కోళ్లు, ఒక్కోటి 2 కిలోలు అనుకుంటే 10,000 కిలోలు. కిలో బరువుకు 1.70 కిలోల మేత పడితే 17,000 కిలోలు కావాలి. కడుపు బాగుండి అది 1.65కు దిగితే 16,500 చాలు. 500 కిలోలు, అంటే 50 కిలోల మూటలు 10 మిగిలినట్టు. మేత కిలో 40 రూపాయలు అనుకుంటే 20,000 రూపాయలు. ఈ 20,000లో రైతుకు ఎంత? పొట్లం ఖర్చు మన లెక్కలో, మిగులు వాళ్ల లెక్కలో పడితే అది కోడికి తోడేమో గానీ, రైతుకు తోడు కాదు.

తమ్ముళ్లూ, చెల్లెండ్లూ, అడగాల్సినవి ఇవి. పొట్లం మీద ఏ క్రిమి, గ్రాముకు ఎన్ని, ఎప్పటిదాకా బతుకుతాయి అని తెలుగులో ఉండాల. మేత మూట మీద యాంటీబయోటిక్ ఉందో లేదో రాయాల. బ్యాచ్ ముగిసినాక మందుల లెక్క కాగితం రైతు చేతికి ఇయ్యాల. మేత మిగిలితే అందులో రైతుకు వాటా అని ఒప్పందంలోనే రాయాల. తిరుపతిలోని శ్రీవెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం మన బోరు నీళ్లతో, మన ఎండలో ఈ పొట్లాలను పరీక్షించి, ఏది పనికొస్తాదో రైతు సేవా కేంద్రాల కాడ తెలుగులో అంటించాల.

సూపర్‌వైజర్ పొట్లం తెచ్చినప్పుడు ఎంత కలపాల అని అడిగి ఊరుకోవద్దండి. ఇందులో ఏముంది, ఎవురి లెక్కలో రాస్తావు అని కూడా అడగండి. ఒక్కరే అడిగితే వచ్చే బ్యాచ్‌కు పిల్లలు రావేమోనని భయం ఉంటాది. ఆ భయం ఉత్తదని నేను చెప్పను. అందుకే ఊర్లో షెడ్లున్నోళ్లంతా కలిసి అడగండి. ఊరు ఊరంతా అడిగితే అన్ని షెడ్లకూ పిల్లలు ఆపడం వాళ్లకూ కష్టమే.