కాల్టెక్స్ పాఠం : అమ్మినదీ తామే, కొన్నదీ తామే

పొన్నూరు : మినుముల ధర ఇక్కడి బజారులో క్వింటాలుకు నూరు రూపాయలు కదిలితే, వర్తకులు ముందుగా విచారించేది చెన్నై రేవు ధరను. రంగూను సరకు ఏ ధరకు దిగిందో తెలిసిన తరువాతనే నిడుబ్రోలు గోదాముల ముందు బేరం తేలుతుంది. దిగుమతి ధరకు స్థానిక ధర లోబడి ఉండడం మనకు కొత్త కాదు. దానిని ఎవరూ తప్పు పట్టరు. ఎందుచేతనంటే అక్కడ అమ్మేవారు అనేకులు, కొనేవారు అనేకులు. ఒకరు దాచిన ధరను మరొకరు బయటపెడతారు.

అయితే అమ్మేవారూ కొనేవారూ ఒకే ఇంటివారయినప్పుడు ఆ దిగుమతి ధరకు విలువ ఎంత? డీజిలు ధర, లారీ కిరాయిలపై చర్చ వచ్చినప్పుడల్లా ఈ ప్రశ్న తలెత్తుతూనే ఉంది. దీనికి సమాధానం కావలసినవారు విశాఖపట్నంలో కాల్టెక్స్ కంపెనీ నడిపిన వ్యాపారాన్ని ఒకసారి పరిశీలించడం మంచిది.

సరకు ఒకరిది, అంగళ్లు మరొకరివి

కాల్టెక్స్ పుట్టుకలో దాపరికం ఏమీ లేదు. రాక్‌ఫెల్లర్ 1870లో స్థాపించిన స్టాండర్డ్ ఆయిల్ సంస్థను అమెరికా సుప్రీంకోర్టు 1911లో విడగొట్టగా వచ్చిన కంపెనీలలో కాలిఫోర్నియా స్టాండర్డ్ ఒకటి. ఆ కంపెనీకి 1932లో బహ్రెయిన్ దీవిలో చమురు పడింది. కాని సూయజు కాలువకు తూర్పున దానికి అమ్మకపు ఏర్పాట్లు లేవు. టెక్సాస్ కంపెనీ పరిస్థితి దీనికి తారుమారు. ఆసియా, ఆఫ్రికా దేశాలలో దానికి అంగళ్లు ఉన్నాయి. సరకు మాత్రం అమెరికా నుంచి రావాలి. ఈ రెండు కంపెనీలు 1936లో చేతులు కలపగా కాల్టెక్స్ ఏర్పడింది. వర్తకులకు ఇది తేలికగా అర్థమయ్యే పొత్తు.

అప్పటికే ఈ దేశపు కిరసనాయిలు బజారు పెద్ద కంపెనీల పోరాటాన్ని ఒకసారి చూసింది. న్యూయార్క్ స్టాండర్డ్ కంపెనీ 1927లో రష్యా కిరసనాయిలు కొని ఇండియాలో అమ్మగా, షెల్ కంపెనీ ధరలు కోసి ఎదురుదెబ్బ తీసింది. ఆ పోటీతో లాంతరు వెలిగించుకునేవారికి కొంతకాలం మేలు జరిగింది. కంపెనీలకు నష్టం వచ్చింది. 1928లో స్కాట్లండులోని ఆక్నకారీ కోటలో షెల్, ఆంగ్లో పర్షియన్, న్యూజెర్సీ స్టాండర్డ్ అధినేతలు సమావేశమై ఎవరి బజారు వాటా వారికి యథాతథంగా ఉండాలని ఒప్పుకున్నారు. ఈ ఒప్పందం వివరాలు లోకానికి స్పష్టంగా తెలిసింది 1952లో, అమెరికా ప్రభుత్వ వాణిజ్య కమిషన్ నివేదిక వెలువడినప్పుడు.

ధర కట్టే పద్ధతి కూడా విచిత్రమైనదే. సరకు ఎక్కడి నుంచి వచ్చినా, అమెరికాలోని మెక్సికో సింధుశాఖ రేవుల ధరకు అక్కడి నుంచి ఓడ కిరాయి కలిపి బిల్లు వేసేవారు. తెనాలిలో కొన్న బియ్యానికి రాయపూర్ నుంచి లారీ కిరాయి కలిపినట్లన్న మాట. పక్కనున్న పర్షియా సింధుశాఖ నుంచి వచ్చిన నూనెకు కూడా రాని ప్రయాణపు కిరాయి చెల్లించవలసి వచ్చింది. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో బ్రిటిషు ప్రభుత్వ ఆడిటర్లు ఆక్షేపణ చెప్పిన తరువాతనే పర్షియా సింధుశాఖ రేవు ధరను లెక్కలోకి తీసుకోవడం మొదలయింది.

విశాఖ ఒప్పందం

స్వాతంత్ర్యం వచ్చిన తరువాత ఇక్కడే చమురు శుద్ధి చేయాలని భారత ప్రభుత్వం తలపెట్టింది. 1951లో స్టాన్‌వాక్, బర్మా షెల్ కంపెనీలతోను, 1953లో కాల్టెక్స్‌తోను ఒప్పందాలు కుదిరాయి. మొదటి రెండు బొంబాయికి వెళ్లగా కాల్టెక్స్ విశాఖపట్నాన్ని ఎంచుకుంది. ఏడాదికి 6.75 లక్షల టన్నుల సామర్థ్యంతో 1957లో తూర్పు తీరపు తొలి చమురు శుద్ధి కర్మాగారం పని ప్రారంభించింది.

ఈ విషయంలో కంపెనీకి దక్కవలసిన మెప్పు దక్కాలి. ప్రభుత్వం వద్ద అప్పుడు విదేశీ మారకం లేదు, సాంకేతిక అనుభవం లేదు. పెట్టుబడి తెచ్చి, చెప్పిన ప్రకారం కర్మాగారం కట్టి, తెలుగు కార్మికులకు పని నేర్పిన సంస్థ అది. కిరసనాయిలు, పెట్రోలు కోస్తా జిల్లాలకు దగ్గర రేవు నుంచే అందనారంభించాయి.

చిక్కంతా ఒప్పందంలోని షరతులలోనే ఉంది. 25 సంవత్సరాల వరకు జాతీయం చేయబోమని ప్రభుత్వం హామీ ఇచ్చింది. ముడిచమురు తమకు ఇష్టమైన చోటు నుంచి తెచ్చుకునే హక్కు కంపెనీలకు దఖలయింది. తయారైన సరకు ఇక్కడే శుద్ధి అయినా, విదేశం నుంచి దిగుమతి అయితే ఎంత పడుతుందో అంత ధరకు అమ్ముకోవచ్చు.

దీని అర్థం ఏమిటో కమీషన్ వ్యాపారులకు వేరుగా చెప్పనక్కరలేదు. కాల్టెక్స్ యజమానులే అరబ్బు దేశాలలో చమురు బావుల భాగస్వాములు. విశాఖ కర్మాగారం ముడిచమురు కొన్నది వారి వద్దనే. కొనుగోలు ధర వారు ప్రకటించినదే. ముడిచమురు ధర ఎక్కువ వేస్తే విశాఖ లెక్కలలో లాభం తగ్గి కనబడుతుంది. ఆ లాభం బావి దగ్గర జమ పడుతుంది. ఇక్కడ చెల్లించవలసిన పన్ను తగ్గుతుంది, దేశం చెల్లించవలసిన మారకం పెరుగుతుంది. ఇందులో దొంగ లెక్క ఒక్కటి కూడా అవసరం లేదు. అన్నీ ఒప్పందం ప్రకారమే.

1960 నాటి పరీక్ష

ఈ ఏర్పాటుకు అసలు పరీక్ష 1960లో వచ్చింది. కంపెనీల ధర కంటె తక్కువకు, చెల్లింపు రూపాయలలో తీసుకుంటూ ముడిచమురు ఇస్తామని సోవియట్ యూనియన్ ముందుకు వచ్చింది. దానిని శుద్ధి చేయవలసిందిగా చమురు శాఖ చూస్తున్న కేశవదేవ్ మాలవీయ కంపెనీలను కోరారు. మూడు కంపెనీలు నిరాకరించాయి. తమ చమురు తామే తెచ్చుకునే హక్కు ఒప్పందంలో ఉందని వాటి వాదన.

కంపెనీల వైపు నుంచి చూస్తే ఈ వాదనలో న్యాయం లేకపోలేదు. బావులలో మిగులు సరకు పెట్టుకుని పరాయి సరకు ఆడించే మిల్లుదారు ఎవరూ ఉండరు. కాని తరువాత జరిగినదే ముఖ్యం. రష్యా బేరం బజారులోకి వచ్చిన తరువాత అవే కంపెనీలు ముడిచమురు ధరలో తగ్గింపు ఇచ్చాయి. అంతవరకు తగ్గించడానికి వీలు లేదన్న ధరలో కావలసినంత చోటు ఉన్నదని అప్పుడు తేలిపోయింది. ప్రభుత్వం నియమించిన దామ్లే సంఘం 1961లో ధరల లెక్కలను సవరించింది. సోవియట్ కిరసనాయిలు, డీజిలు దిగుమతి చేసి అమ్మే పనిని 1959లో స్థాపించిన ఇండియన్ ఆయిల్ చేపట్టింది. ప్రపంచ బజారులోనూ 1960 ఆగస్టులో పెద్ద కంపెనీలు ప్రకటిత ధరలు కోయగా, ఆగ్రహించిన ఉత్పత్తి దేశాలు సెప్టెంబరులో బాగ్దాదులో సమావేశమై ఒపెక్‌ను ఏర్పరచుకున్నాయి.

1973 చివర యుద్ధంతో బారెల్ 3 డాలర్ల దగ్గర నుంచి కొద్ది నెలలలోనే 11 డాలర్లు దాటడంతో పాత ఒప్పందాలు నిలబడలేదు. 1974లో ఎస్సో వ్యాపారాన్ని స్వాధీనం చేసుకుని హిందూస్థాన్ పెట్రోలియం ఏర్పాటయింది. 1976 చివర కాల్టెక్స్ ప్రభుత్వపరమయింది. 1977లో చట్టం వచ్చింది. 1978లో విశాఖ కర్మాగారం హిందూస్థాన్ పెట్రోలియంలో విలీనమయింది. 25 ఏళ్ల హామీ నిండకుండానే, పరిహారంతో, కథ ముగిసింది.

యజమాని మారాడు, లెక్క మారిందా?

ఇక్కడితో ఆగి అమెరికా కంపెనీని నిందించి ఊరుకుంటే వర్తకులకు ప్రయోజనం లేదు. ప్రభుత్వ రంగం అనగానే అన్నీ సవ్యమవుతాయనుకోవడమూ పొరపాటే. 1997 సెప్టెంబరు 14న ఇదే విశాఖ కర్మాగారంలో జరిగిన పేలుడులో సుమారు 60 మంది ప్రాణాలు కోల్పోయారు. మరొక వంక, ఆనాటి 6.75 లక్షల టన్నుల కర్మాగారం ఇటీవలి విస్తరణతో 150 లక్షల టన్నుల స్థాయికి చేరిన మాటా నిజమే.

ధర సంగతికి వద్దాం. పెట్రోలుపై 2010లోను, డీజిలుపై 2014లోను ప్రభుత్వ నియంత్రణ తొలగింది. 2017 జూన్ నుంచి రోజువారీ సవరణ వచ్చింది. అంతర్జాతీయ ధర పెరిగితే పెంపు, తగ్గితే తగ్గింపు అన్నది సూత్రం. 2022లో ఉక్రెయిన్ యుద్ధం తరువాత రష్యా మళ్లీ తక్కువ ధరకు ముడిచమురు ఇవ్వజూపింది. ఈసారి హిందూస్థాన్ పెట్రోలియంతో సహా మన కంపెనీలు కొన్నాయి. 1960లో కాదన్న బేరం 2022లో కుదిరింది. దేశానికి ఇది లాభమే.

అయితే పంపు ధర 2022 మే నుంచి 2024 మార్చి వరకు దాదాపు కదలలేదు. మొదట ధరలు పెంచకుండా నష్టం భరించామని కంపెనీలు చెప్పాయి. అది నిజమే. 2022-23లో హిందూస్థాన్ పెట్రోలియం సుమారు 9,000 కోట్ల రూపాయల నష్టం చూపింది. ఆ మరుసటి సంవత్సరమే 14,000 కోట్లకు పైగా లాభం వచ్చింది. 2024 మార్చిలో వాడకందారుకు దక్కిన తగ్గింపు లీటరుకు 2 రూపాయలు. పన్నుల భారం వేరే చర్చ. దానిని పక్కన పెట్టినా, పెరిగినప్పుడు ప్రపంచ ధర, తగ్గినప్పుడు పాత నష్టాల భర్తీ అంటే సూత్రం ఏకపక్షమయినట్లే.

‘ఇండియన్ బాస్కెట్’ పేరిట ముడిచమురు ధర రోజూ ప్రకటిస్తున్నారు కదా అనవచ్చు. అది ఒమాన్, దుబాయ్, బ్రెంట్ ప్రామాణిక రకాల సగటు. తగ్గింపుతో కొన్న బారెల్ అసలు ధర అందులో కనబడదు. కాల్టెక్స్ రోజులలో ప్రకటిత ధరకు, అసలు ధరకు మధ్య ఉన్న తేడా వంటిదే ఇదీను. నాడు ఆ తేడా విదేశానికి పోయింది. నేడు ప్రభుత్వ ఖజానాకు, వాటాదారులకు పోతున్నది. ఈ భేదం చిన్నది కాదు. కాని గుంటూరు యార్డుకు మిర్చి తోలే ఆసామికి, పొన్నూరు నుంచి బియ్యం ఎగుమతి చేసే మిల్లుదారుకు కిరాయి బిల్లులో ఆ భేదం కనబడదు.

కనుక వర్తక సంఘాలు, మిల్లర్ల సంఘాలు ఊరికే ‘డీజిలు ధర తగ్గించండి’ అని తీర్మానాలు పంపడం కంటె, కంపెనీలు ముడిచమురుకు వాస్తవంగా చెల్లించిన సగటు ధరను నెలనెలా ప్రకటించవలసిందిగా కోరడం మేలు. లారీ యజమానులతో సాలుసరి ఒప్పందాలు చేసుకునేవారు డీజిలు పెరిగితే కిరాయి పెంపుతో పాటు, తగ్గితే తగ్గింపు కూడా కాగితం మీద రాసుకోవాలి.

కాలిఫోర్నియా స్టాండర్డ్ తరువాత షెవ్రాన్ అయింది. 2001లో టెక్సాకో అందులో కలిసిపోయింది. 2023లో షెవ్రాన్‌తో కుదిరిన ఒప్పందం మీద కాల్టెక్స్ పేరు గల ఇంజను ఆయిలును ఈ దేశంలో తయారుచేసి అమ్ముతున్నది హిందూస్థాన్ పెట్రోలియమే. పేర్లు పోతాయి, తిరిగి వస్తాయి. డబ్బా మీద పేరు కంటె బిల్లులోని ధర ఎక్కడ కట్టబడిందో చూడడం వర్తకునికి శ్రేయస్కరం.