ఆట యనుకొన్న యుద్ధము

నేటి యుద్ధములలో చంపువానికి చచ్చువాడు తెరమీది బొమ్మగా మాత్రమే కనిపించు స్థితి యేర్పడినది. అమెరికాలోని నెవాడా ఎడారిలో కుర్చీయందు కూర్చుండి, వేలమైళ్ళ దూరమున అఫ్ఘనిస్తానముపై ఎగురు మానవరహిత విమానములను సైనికులు నడపిరి. 2022 తరువాత ఉక్రెయిన్ యుద్ధభూమిలో ఉభయపక్షములవారును కండ్లజోళ్ళవంటి తెరలను ధరించి చిన్న చిన్న డ్రోన్లను శత్రువుపైకి పంపిరి. యుద్ధమునకును ఆటకును నడుమ హద్దు చెరిగిపోవుచున్న ఈ కాలమున, 1985లో వెలువడిన ఒక అమెరికన్ వైజ్ఞానిక నవలను మరల చదువవలసియున్నది. అది ఆర్సన్ స్కాట్ కార్డ్ రచించిన 'ఎండర్స్ గేమ్'.

1977లో 'అనలాగ్' పత్రికలో కథగా వచ్చినదానిని రచయిత నవలగా విస్తరించెను. అది హ్యూగో, నెబ్యులా బహుమతులు రెండింటిని పొందినది. అమెరికా, సోవియట్ రష్యాలు అణ్వస్త్రములతో ఒండొరులను బెదరించుకొను దినములవి. శత్రువు మరల మనపై పడకముందే వానిని నిర్మూలింపవచ్చునా అను ప్రశ్న నాటి గాలిలోనే యుండెను.

కీటకములను పోలిన గ్రహాంతరజీవులు మానవులపై రెండుమారులు దండెత్తినవి. మూడవ యుద్ధమునకు సేనానిని వెదకుచు పెద్దలు పిల్లలను పరీక్షింతురు. ఇంటికి ఇద్దరు బిడ్డలే యుండవలెనను కట్టుబాటు గల ఆ లోకమున, ప్రభుత్వానుమతితో పుట్టిన మూడవ బిడ్డ ఎండర్. అన్న పీటర్ క్రూరుడు. అక్క వాలెంటైన్ దయామయి. ఆ యిరువురి గుణములును తగుపాళ్ళలో గల బాలుడు కావలెనని సేనాధికారుల లెక్క. ఆరవయేట వానిని అంతరిక్షములోని యుద్ధపాఠశాలకు గొనిపోవుదురు. భారరహితమైన అచటి క్రీడాశాలలో క్రిందుమీదులు లేవు. శత్రుద్వారమునే క్రిందుగా భావించి దూకవలెనని ఆ పసివాడు కనిపెట్టు ఘట్టము పాఠకుని బుద్ధికి పండుగ. కాని కర్నల్ గ్రాఫ్ వానికి స్నేహితులను దక్కనీయడు. ఆపదలో ఎవరును తోడురారని నమ్మించుటయే ఆయన నేర్పు విద్య.

కథాంతమును ముందే చెప్పుట పాడికాదు. ఈ నవల విషయమున చెప్పక తీరదు. పండ్రెండేండ్లు నిండకముందే ఎండర్, చివరి పరీక్ష యనుకొని ఆడిన ఆటలో శత్రుగ్రహమును భస్మము చేయును. పిదప పెద్దలు నిజము చెప్పుదురు. తెరపై వాడు నడపిన నౌకలు నిజమైనవి. చచ్చిన సైనికులు నిజమైనవారు. ఒక జాతి యావత్తు నశించినది. శత్రువు హృదయమును ఎరిగినవాడే వానిని గెలువగలడు, అంతగా ఎరిగినవాడు తెలిసి చంపజాలడు, కనుక తెలియనీయలేదు. ఈ తర్కమే నవలకు గుండెకాయ.

మనకు బాలవీరులు క్రొత్తకాదు. అభిమన్యుడు పద్మవ్యూహమును చొచ్చునపుడు, వెలువడు విధము తనకు తెలియదని ఎరిగియే చొచ్చెను. వెంట వత్తుమన్న పెద్దలు రాలేకపోయిరి గాని, అది ఆట యని వానిని మభ్యపెట్టలేదు. పలనాటి బాలచంద్రుడును కార్యమపూడి కయ్యము కయ్యమని తెలిసియే కదలెను. ఎండర్‌కు ఆపాటి గౌరవమైనను దక్కలేదు.

2004లో జాన్ కెసెల్ అను అమెరికన్ రచయిత ఈ నవలను గట్టిగా ఆక్షేపించెను. ఉద్దేశము మంచిదైనచో హంతకుడు నిర్దోషియని కార్డ్ నమ్మించుచున్నాడని ఆయన వాదము. ఇది త్రోసిపుచ్చదగినది కాదు. పాఠకుని జాలిలో అధికభాగము ఎండర్ పాలగును. నశించిన జాతికి మిగులునది స్వల్పము. అయినను ఎండర్ తన్ను తాను క్షమించుకొనడు. పెద్దలు విజయము నెంచుకొనుచుండగా, తాను చంపినవారి కథను వారి పక్షమున వ్రాయ పూనుకొనును. నవలలో లెక్క అప్పగించువాడు ఆ బాలుడొక్కడే.

పదునెనిమిదేండ్లు నిండని సైనికులను నేరుగా పోరునకు దింపరాదను ఒడంబడికను ఐక్యరాజ్యసమితి 2000లో ఆమోదించినది. 2002లో అది అమలులోనికి వచ్చెను. ఆ సంవత్సరమే అమెరికా సైన్యము యువకులను ఆకర్షించుటకు 'అమెరికాస్ ఆర్మీ' అను కంప్యూటర్ ఆటను విడుదలచేసి, 2022 వరకు నడపెను. అమెరికా మెరైన్ దళము ఈ నవలను తన సైనికుల పఠనపట్టికలో చేర్చియుండెను. వ్యూహచాతుర్యము కొరకు వారు చదివిన పుస్తకమే, ఆ చాతుర్యమును పైవారు ఎట్లు వాడుకొందురో హెచ్చరించుచున్నది. చట్టము సైనికుని వయస్సు నడుగును. తాను చేయుచున్నది వానికి తెలియునా అని నవల అడుగును. తెలియనిచో, తెలిసి దాచినవారిని విచారించువారెవరు?

బాలుని కథ గనుక ఇది బాలుర పుస్తకమని పెద్దలు ప్రక్కన పెట్టుట కలదు. ఆంగ్లము చదువగల తల్లిదండ్రులును ఉపాధ్యాయులును దీనిని ముందుగా తాము చదివి, పిదప పిల్లల చేతికిత్తురు గాక.