సోడియం తగ్గితే ఉప్పు తినిపిస్తే సరిపోతుందా?

పోయిన నెల ఓ సోమవారం పొద్దున్నే మావయ్య ఫోను. "అమ్మమ్మ నన్నే ఎవరని అడుగుతోందిరా" అని. మీటింగు వదిలేసి గుంటూరు బయల్దేరా. ఆస్పత్రిలో పరీక్ష చేస్తే సోడియం 114. ఉండాల్సింది 135 నుంచి 145.

ఇక చుట్టాలందరూ డాక్టర్లే. "చప్పిడి కూడు పెట్టొద్దని ముందే చెప్పా" అని ఒకరు, "ఉప్పునీళ్ళు పట్టించండి" అని ఇంకొకరు. నేనూ తక్కువ తినలేదు. "రేపటికల్లా 135 చేసెయ్యండి డాక్టరుగారూ" అన్నా, రిలీజు డేటు అడిగినట్టు. "అలా చేస్తే మెదడు దెబ్బతింటుందయ్యా" అన్నారాయన.

నాకు అర్థమైంది ఇది. 114 అంటే ఒంట్లో ఉన్న మొత్తం ఉప్పు కాదు, లీటరుకి ఎంతన్నది. చాలాసార్లు ఉప్పు తగ్గి కాదు, నీరు ఎక్కువై ఆ అంకె పడిపోతుంది. అందుకే కారణాన్ని బట్టే వైద్యం. వాంతులు, విరేచనాలైతే సెలైను. గుండె, కాలేయం జబ్బుల్లో నీళ్ళు తగ్గించడం. నీటిని పట్టి ఉంచే హార్మోను ఎక్కువైనా అంతే. అప్పుడు మామూలు సెలైను పెడితే సోడియం ఇంకా తగ్గొచ్చు కూడా! కొందరికి టోల్వాప్టాన్ మాత్ర ఇస్తారు. ఫిట్స్ వస్తే మాత్రం ఆగరు, 3 శాతం సెలైను కొద్దికొద్దిగా ఎక్కిస్తారు. 4 నుంచి 6 పాయింట్లు పెరిగితే చాలు, గండం గడుస్తుంది.

మరి తొందరెందుకు కూడదు? రెండు రోజులు దాటితే మెదడు ఆ తక్కువ సోడియంకి అలవాటు పడిపోతుంది. ఒక్కసారిగా పెంచితే నరాల పైపొర దెబ్బతిని, కొన్నాళ్ళకి మాట, మింగడం, నడక పోవచ్చు. అందుకే రోజుకి 8, మహా అయితే 10 దాటనివ్వరు.

అమ్మమ్మ విషయంలో దోషి మూడు వారాల కిందట మొదలెట్టిన బీపీ మాత్ర, హైడ్రోక్లోరోథయజైడు. అది ఆపి, గంటల లెక్కన పరీక్షలు చేస్తూ నిదానంగా పెంచారు. నాలుగో రోజుకి 130. నన్ను చూసి "ఉద్యోగం మానేశావేంట్రా?" అంది. ప్రాణం లేచొచ్చింది.

నా బాధల్లా ఒకటే. పెద్దవాళ్ళకి ఈ రకం మాత్ర మొదలెట్టిన వారం, రెండు వారాల్లో ఒక్క రక్తపరీక్ష చేయిస్తే ఇదంతా ఉండేది కాదు. రాసినాయన చెప్పలేదు, మేమూ అడగలేదు. ఈ ఆదివారం ఇంటికి ఫోన్ చేసినప్పుడు "తిన్నారా" తర్వాత "మాత్రలేమైనా మార్చారా" అని కూడా అడగండి. మీ అంతట మీరు మాత్రం ఆపించకండి, డాక్టర్నే అడగండి.